సామ్యేలు బాగుచేయని మిషన్

పెద్దలారా, అన్నలారా, అక్కలారా, ముందు వరుసల కూసున్న సామ్యేలు ఇంటామె, చెల్లె ఎలీసబెతూ, అందరికి దండం. సామ్యేలు కోసమని పక్క షెడ్ల సేట్లు సాంచాలు, గీ కరెంటు మగ్గాలన్ని, బందు పెట్టిండ్రు. మన భివండీ నార్పోలిల పగటిపూట ఇంత నిశ్శబ్దం నేనెన్నడు ఇనలే. మనసుకు మంచిగ లేదు. ఆయన లేడన్న మాట ఈ నిశ్శబ్దంలనే నాకు ఎక్కువ తెలుస్తున్నది.

నా పేరు నర్సింహులు. సామ్యేలు కంప్యూటర్ దుకాణం పక్కన బ్యాటరీల దుకాణం నాది. ఇన్నేండ్లు గోడకు గోడ ఉన్నం, నా దగ్గర ఒక్క ఇన్వర్టర్ కొనలే. "లైట్ పోవాలె అన్నా, పోతేనే నాకు పని" అంటుండె. భివండీల లైట్ పోవాలని కోరుకున్న మనిషిని ఇంకెక్కడన్న చూసిండ్రా?

ఎందుకు కోరుకున్నడు? చెప్త.

రెండువేల సంవత్సరం ఎండాకాలం. ఇమ్మానుయేలన్న బిడ్డ శారోన్ పెండ్లికార్డు టైపు చేస్తుండంగ లైట్ పోయింది. వచ్చినంక ఫైలు తెరిస్తే, పెండ్లికొడుకు పేరు ఉండాల్సిన కాడ ఎవరిదో సమాధి ప్రార్థన, దాని జాగ, టైము రాసి ఉన్నయి. ఎన్నడో టైపు చేసి తుడిపేసిన చావుకార్డు అది. అట్ల ఒక్కసారి కాదు, లైట్ పోయినప్పుడల్ల ఏదో ఒకటి లేచి వస్తుండె. దుకాణంల దయ్యం జొచ్చిందన్నరు. గిరాకీ పోయింది. ప్రార్థన పెట్టియ్యుమన్నరు. పెట్టిచ్చిండు. పెట్టిచ్చి, మళ్ల కూసోని కెర్నెల్ విప్పిండు.

కెర్నెల్ అంటే ఏందని నేను అడిగిన. మన కార్ఖానాల పని పంచే ముకద్దం అసొంటిది అన్నడు. ఏ రాత ఏ ఖోలీల, ఏ గదిల పెట్టాలెనో అది చెప్తది. మనం తుడిపేసిన ఫైలు నిజంగ పోదట. తలుపు మీద పేరు చెరుపుతరు, సామాను లోపల్నే ఉంటది. ఈ ముకద్దం తొందర మనిషి. కొత్త సామాను రాకముందే తలుపు మీద కొత్త పేరు రాస్తున్నడు. ఆ నడుమల లైట్ పోతే? తలుపు తెరిచి చూస్తే పాతోళ్ల గిన్నెలే కనపడ్తయి.

దాన్ని పట్టుకునేటందుకు సామ్యేలు కావాలని వైరు పీకుతుండె. మిషన్‌ను చంపుడు, లేపుడు, ఏం యాదికున్నదని అడుగుడు. ఒక్కొక్కసారి కెర్నెల్ తనంతట తనే కూలేది. కూలేముందు దాని ఆఖరి మాటలు పక్క మిషన్ మీద పడేటట్టు వైరు కట్టిండు. ఆ మాటలు పెదవులతోని చదువుకుంట కూసునేటోడు. నేను చాయ్ పట్టుకపోయి, గుమ్మం కాడనే పెట్టి వచ్చేది. భయమైతుండె.

ఆ రోజులల్లనే ఒక ఫైల్ల హనుమాండ్లు మాట వచ్చింది. సాంచాల మీద పనిచేసి, జబ్బుపడి చనిపోయిన మన హనుమాండ్లు. సామ్యేలు దగ్గర ఊరికి చిట్టీ రాయిచ్చుకున్నడట ఎప్పుడో. "యమునకు చెప్పుండ్రి, మేకను అమ్మొద్దని." అంతే. ఆయన పెండ్లాం యమునాబాయిని పిలిపిచ్చి నేను చదివిన. ఆమెకు చదువు రాదు. తెర మీద చెయ్యి పెట్టి మెల్లగ ఏడ్చింది.

తర్వాత సామ్యేలు తప్పు దొరకవట్టిండు. సామాను ముందు, పేరు తర్వాత, గంతే మరమ్మతు. అన్ని మిషన్లకు పెట్టిండు. ఇగ చచ్చినోళ్ల మాటలు రావు. దుకాణం నిలబడ్డది. అప్పుడు యమునాబాయి వచ్చి గుమ్మంల కూసున్నది. "నీ మరమ్మతు యాడన్న పెట్టు బిడ్డా, ఈ ఒక్కదాన్ని ఇడిశిపెట్టు."

ఇడిశిపెట్టిండు. గోడకున్న ఆ పాత మిషన్ మీకందరికి తెల్సు. ఆమె వచ్చినప్పుడల్ల సామ్యేలు వైరు పీకుతడు, నేను చదువుత. "నేను చదివితే ఆమె నమ్మదు" అని సామ్యేలు నాతోనే చదివిపిచ్చేటోడు. ఏదో ఒక మాట వస్తుండె. రాను రాను ఆ మాటలు మెత్తబడ్డయి. ఒక్క చిట్టీల ఇన్ని మాటలు యాడియని నాకు అనుమానం రాలేదా? వచ్చింది. ఆమె మొఖం చూసి ఊకున్న.

పోయిన నెల సామ్యేలు గుండె ఆగింది. సమాధి అయినంక యమునాబాయి దుకాణానికి వచ్చింది. ఎలీసబెతు తాళం తీసింది. నేను వైరు పీకి, మళ్ల చాలు చేసిన. ఏమీ రాదనుకున్న. రావొద్దనే అనుకున్న. తెర తెలుపైంది. నడుమల ఒక్క వరుస.

"తిన్నవా? నాకోసం చూడకు, నువ్వు తినెయ్యి."

నేను పైకి చదివిన. ఎలీసబెతు గోడకు ఆనుకున్నది. సామ్యేలు ఆమెకోసం రాసింది కాదది. యమునాబాయికోసం రాసి, తుడిపేసి పెట్టుకున్నడు. ఆయన మట్టిల కలిసినంక పైకొచ్చింది.

యమునాబాయి మెల్లగ లేచి ఎలీసబెతు చెయ్యి పట్టుకున్నది. ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు చెప్త. "మా ఇంటాయన బతికినన్ని దినాలు నన్ను తిన్నవా అని అడగలే బిడ్డా. ఇయ్యి ఎవలి మాటలో నాకెప్పుడో తెల్సు. ఇది నీది. నువ్వు తీస్కో."

ఎలీసబెతు ఆ మిషన్ వైరు ఇంక పీకొద్దన్నది. లోపల ఇంకేమున్నయో ఉండనియ్యుమన్నది. మనం అడగొద్దు.

అందరు లేచి నిలబడుండ్రి. తలలు వంచి, ఎవ్వరు ఏం మాట్లాడకుంట, మన సామ్యేలును తలుచుకుందాం.