గేటు దగ్గర ఆగిన కారు

ఇబ్రహీంపట్నం, సాగర్ రోడ్డు పక్కన ఒక షెడ్డు. బానెట్ ఎత్తిన కారు ముందు మెకానిక్, వీర్రాజు, ఆయన భార్య రమణి.

“నువ్వు బండి సంగతి చూడు తమ్ముడూ. నేను ఆ గోపయ్యగారి అబ్బాయికి ఫోన్ చేసి, సంబంధం వద్దని చెప్పేస్తాను.”

“జర ఆగు సార్. ఏం సంబంధం?”

“మా జయకృష్ణకి పెళ్ళిచూపులు. గోపయ్యగారి పిల్లని చూసి బయల్దేరామో లేదో, వాళ్ళ గేటు దగ్గరే బండి పొగలు కక్కింది. ఇక్కడిదాకా తోసుకు రావాల్సొచ్చింది. ఇంతకన్నా అపశకునం ఉంటుందా?”

“బండి ఆగితే ఉమారాణి ఏం చేస్తుందండీ? బంగారంలాంటి పిల్ల. అదుగో, మనవాడు టీకొట్టు దగ్గర మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు చూడండి.”

“నువ్వాగు రమణీ.”

“అమ్మా, వచ్చేటప్పుడు వేడెక్కిందా?”

“లేదు బాబూ. వనస్థలిపురం నుంచి హాయిగా వచ్చాం.”

“గేటు కాడ ఇంజన్ బంద్ చేసిన్రా?”

“ఎక్కడ! ఈవిడ వియ్యపురాలితో అరగంట వీడ్కోలు. నేను ఏసీ వేసుకుని కూర్చున్నా.”

“అప్పుడే వియ్యపురాలన్నారు!”

“నోరు జారింది.”

“గదే మరి. ఉరికేటప్పుడు ఇంజన్ సల్లబడనీకి ఎదురుగాలి చాలు. నిలబడితే ఫ్యాన్ తిరగాలె. ఇగో, బ్యాటరీ నుంచి సీదా వైరు ఇస్తున్న... తిరిగింది. మోటరు మంచిగుంది. ఫ్యూజ్ గూడ మంచిగనే ఉంది. ఇగ మిగిలింది రిలే. ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే డబ్బీ. అరె! గిదేంది, దీని కాళ్ళకు పసుపు?”

“పొద్దున బండికి పూజ చేశాను.”

“టైర్లకు చేస్తరు, స్టీరింగుకు చేస్తరు. దీనికి...”

“వద్దంటే వింటేగా బాబూ! బానెట్ తీసి మరీ చేశారు. ఇదొకటి ఊడొస్తే దీనికీ పసుపు రాసి, బొట్టుపెట్టి, మళ్ళీ గుచ్చారు.”

“శుభమా అని వెళ్తున్నాం, దేనికీ లోటుండకూడదని...”

“పసుపు పేరుకుంటే కరెంటు ఎట్ల పోతది సార్? హారన్‌ది గూడ గిసొంటి రిలేనే. అది తీసి దీని జాగల పెడుతున్న. ఇంజన్ చాలు చెయ్. ఏసీ ఎయ్.”

“తిరిగింది! తిరిగిందండీ!”

“ఇప్పుడు మీ పసుపు రిలే కాళ్ళు గీకి, దాన్నే పెట్టిన. సూడు, తిరుగుతున్నది. ఇగ చెప్పు సార్, అపశకునం ఎవలు చేసిన్రు?”

“నేనే.”

“మరి పిల్లది తప్పెట్లయితది?”

“నీకెందుకయ్యా అంత కోపం? సరే, నాదే తప్పు. నిజం చెప్పాలంటే పిల్ల నాకూ నచ్చింది. రమణీ, ఆ నంబరివ్వు. పెద్దబ్బాయి పని మీద పోయాడు, ఏ మాటైనా వాడికే చెప్పమన్నారు కదా గోపయ్యగారు... ఆఁ, రింగవుతోంది.”

“ఏమండీ, ఇక్కడ కూడా మోగుతోందేమిటి?”

“తమ్ముడూ, నీ ఫోనేనయ్యా. అదుగో, పానాల పక్కన. ఎత్తు.”

“ఎత్తుతున్న. హలో, ఉమారాణి అన్నను మాట్లాడుతున్న. ముందే చెప్తే నా రిపేరును నమ్మరని చెప్పలె. ఇగ చెప్పుండ్రి, మామా.”