పది పాటలకు ఒక్క దరువు

కరీంనగర్ స్టూడియోలో కొత్త ఆల్బమ్ మోగుతోంది. పాడింది పదిమంది, పాటలన్నిటికీ దరువు మాత్రం ఒక్కటే. వింటున్న డప్పు కళాకారుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. స్టూడియో యజమాని మీద విరుచుకుపడ్డాడు.

“ఆపు! గిది మా అవ్వ పాడె ముందట నేను కొట్టిన దరువు. నువ్వు ఓదార్చ వస్తివా, ఫోన్ల రికార్డు చేసుకోవస్తివా?”

“జర నిమ్మలం తమ్మీ. ఇప్పుడు పెండ్లి బరాత్‌లల్ల గిదే మోగుతుంది. మొన్న నా బిడ్డ పెండ్లిల గూడ గిదే పెట్టిచ్చిన.”

“చావు దరువుకు, పెండ్లి దరువుకు ఫరక్ తెల్వదా నీకు?”

“బరాత్ల ఎగిరేటోళ్లకు ఏం తెలుస్తది?”

“ఎగిరేటోళ్లకు తెల్వది. నీ బిడ్డ బరాత్ మా వాడ దాటుతుంటే మా ముసలోళ్లు బయటికొచ్చి, చెప్పులిడిసి నిలబడ్డరు. ‘పాపం, ఎవలు పోయిన్రు?’ అని నన్నడిగిన్రు.”