వంతెన మీద ఒక్క మనిషి

అదేంటి బాబూ, మా వంతెన మీద ఎవరూ నడవరని రాసేస్తావా? పొద్దున్నుంచీ కారు నీడలో కూర్చుని చూశావు, ఒక్కరూ రాలేదు, నిజమే. ఎలా వస్తారు చెప్పు? ప్రాణం మీద తీపి ఉన్నవాళ్ళెవరైనా వస్తారా?

నవ్వకు. నవ్వులాటకి అనలేదు.

పల్లె దారులు మనుషులు నడవడానికి పనికొస్తాయో లేదో చూడమని పంపారన్నావు. సంతోషం. నడిచేవాళ్ళుంటేనే పక్కన కాలిబాట వేస్తారటగా! ఎవరు పెట్టారయ్యా ఈ రూలు? బాట లేకే కదా నడక మానేసింది?

అటు ఒడ్డున ఆ నీలం తలుపు ఇల్లు మా అక్కది. చొక్కాలు నేను కుట్టేదాన్ని. కాజాలు, గుండీలు తన వంతు. సాయంత్రం మూట పట్టుకుని నేను ఇటునుంచి, తను అటునుంచి. సరిగ్గా నడిమధ్యన కలవాలి. ఒక్క అడుగు ఎక్కువ నడిచినవాళ్ళు ఓడినట్టు! మూట మార్చుకోవడం క్షణం పని. కబుర్లతోనే చీకటి పడేది.

తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. వంతెనని మాత్రం అలాగే వదిలేశారు. లారీ వస్తే పిట్టగోడకి వీపు ఆనించి ఊపిరి బిగబట్టేవాళ్ళం. "ఇంకాస్త లావెక్కానంటే నన్ను తీసుకుపోతుందే" అని నవ్వేది అక్క.

తీసుకుపోయింది బాబూ. నా కళ్ళ ముందే. నన్ను చూసి చెయ్యి ఊపుతూ ఉంది...

ఉండు. కాస్త ఏడవనీ.

అక్క కూతురు ఆ ఇంట్లోనే ఉంది. పెళ్ళీడు పిల్ల. అప్పట్నుంచీ అదీ ఇటు రాలేదు, నేనూ అటు పోలేదు. రాత్రయితే వాళ్ళింట్లో దీపం కనిపిస్తుంది, అంతే.

ఒక్కరు నడిచినా రాస్తావా? అయితే కలం తియ్యి. నేను నడుస్తా. అటుదాకా వెళ్ళి దాని మొహం చూసొస్తా. రాసుకో, ఒకరు.

...పిట్టగోడ దాకా వచ్చా. ఇక కాలు ముందుకి రావట్లేదు బాబూ.

చెయ్యి పట్టుకోకు. నువ్వు నడిపిస్తే అది నా నడకవుతుందా?

కారెక్కమంటావా? వద్దయ్యా. అక్క పడ్డచోటు మీంచి చక్రాలు పోతుంటే పైన కూర్చోలేను.

సరేలే, నన్ను లెక్కలో వేసుకోకు. నువ్వెలాగూ అటే కదా వెళ్తావు. ఆ పిల్లని పిలిచి, మీ పిన్ని బయల్దేరిందమ్మా, పిట్టగోడ దాకా వచ్చిందీ అని చెప్పు. మరి ఎందుకు ఆగిపోయిందని అడిగితే...

అడగదులే. దానికి తెలుసు.