సీలు విప్పిన జాబితా

హలో… ఆ, నేనే అన్నయ్యా. చెల్లిని… కొత్త నంబరులే. పాతదైతే నువ్వు ఎత్తవని.

పెట్టెయ్యకు. రెండు నిమిషాలు. ఏడాదిన్నర నుంచి మాట్లాడటం మానేశావు, దీని తర్వాత కూడా మానెయ్. ఇది మాత్రం విను.

…పాప సంగతే.

ఆ, పరిశోధన కేంద్రం నుంచే. రక్తం సీసాలు దాచే గది బయట నిలబడ్డాను. ఆ చప్పుడు ఫ్రీజర్లది… ఇవాళ పొద్దున జాబితా సీలు విప్పారు.

అదే, మెదడువాపు జ్వరం టీకాది. మన వీధి పిల్లలందరికీ వేశాం కదా. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది పడిందో అన్నీ అయ్యేదాకా ఎవరికీ తెలియనివ్వరు. సూది వేసిన నాకే తెలీదు. సంతకం పెట్టేముందు నీకు చెప్పాను…

అవును. నువ్వు కాగితం చదవలేదు. నా మాట మీద పెట్టావు.

…

కాదన్నయ్యా. సూది వల్ల కాదు. ఇన్నాళ్ళూ నువ్వు అనుకుంటున్నది నిజం కాదు. పాపకి పడింది ఉప్పునీళ్ళు.

…

అన్నయ్యా?

…ఉత్త నీళ్ళే. వాటి వల్ల ఏమీ కాదు. వానల్లో దోమ కుట్టి వచ్చిన జ్వరమే తీసుకెళ్ళింది.

మందు పడి ఉంటేనా… గట్టిగా చెప్పలేం. మందు పడ్డవాళ్ళలో కూడా ఇద్దరికి జ్వరం తగిలింది.

…బతికారు. ఇద్దరూ బతికారు. నీకు అబద్ధం చెప్పలేను.

…

మావాడికా.

…అడుగుతావని తెలుసు. వాడికి అసలు మందు పడింది.

ఆగు, ఇంకా ఉంది. అది కూడా నా నోటితోనే నీకు తెలియాలి. మందు సీసాల మీద నంబర్లుంటాయి. ముందు కూర్చున్నవాళ్ళకి ముందు నంబరు. ఆ రోజు ముందొచ్చింది మీరు. పాపని కుర్చీలో కూర్చోబెట్టావు, గుర్తుందా. సూది చూడగానే బిక్కమొహం పెట్టింది. "అత్తా, ముందు బావకి వెయ్యి" అంది. నువ్వు నవ్వావు. సరేనని దాన్ని దింపి మావాణ్ణి కూర్చోబెట్టాను.

వాడికి వేసిన సీసా… పాపది, అన్నయ్యా.

…

పక్కపక్కనే ఉన్నాయి రెండు నంబర్లూ. నా చేతిరాతే. ఎన్నిసార్లు చూసినా అలాగే ఉంది.

డాక్టరమ్మ అంది, పిల్ల ఏడిస్తే ఎవరైనా అలాగే చేస్తారని. నా మనసుకి ఎక్కడం లేదు.

…లేదు, వాడికి చెప్పలేదు. తొమ్మిదేళ్ళవాడు. ఏమని చెప్పను?

…

ఏదో ఒకటి అను. తిట్టు పోనీ.

…

…వదినా? నువ్వా. అంతా విన్నావా…

లేదు, ఏడవడం లేదు. …ఏడుస్తున్నాలే.

ఆ. నీళ్ళు పడ్డ పిల్లలకి సోమవారం నుంచి అసలు మందు వేస్తారు. వాళ్ళ ఇళ్ళల్లో చిన్నవాళ్ళకి కూడా… మీ చిన్నదానికా? ఏడాది నిండాలి. నిండింది, నెల దాటింది. నువ్వు చెప్పక్కర్లేదు వదినా. ఒక్కసారి ఎత్తుకోకపోయినా నెలలు ఎంచుకుంటూనే ఉన్నాను.

తీసుకురా. ఇంకో నర్సు వేస్తుంది. నేను ఆ గదిలోకి రానులే, మీకు నా మొహం…

…

నేనే వెయ్యాలా?

వదినా, పాపకి వేసిన చేత్తోనే మళ్ళీ దీనికి…

…

…సరే. వేస్తాను. దాన్ని నువ్వు గట్టిగా పట్టుకో.

ఒక్కసారి అన్నయ్యకి ఇవ్వు… బయటికి వెళ్ళిపోయాడా. చెప్పులు కూడా లేకుండానా.

వద్దు, పిలవకు. వెళ్ళనీ. చిన్నదాన్ని చంకనేసుకుని నువ్వూ వెనకాలే వెళ్ళు. ఏమీ మాట్లాడకు, ఊరికే వెంట ఉండు…

ఆ, ఉంటాను.

…నేను పెట్టలేను వదినా. నువ్వే పెట్టెయ్.