బిందెల మెడకు తాడు

ఎనభై రూపాయలు పెట్టి బంతి మొక్కలు పెంచను మొదలుపెట్టింది సుంకులమ్మ. పెండ్లిండ్ల కాలానికి పూలమ్మితే ఎంతొస్తాదో వేళ్లమీదే లెక్కేసుకుందంట. ఏమైందంటే, ఊరి బోరు ఎండిపాయ. ఇంక ట్యాంకరే దిక్కు. అది సర్పంచి ఇంటి ముందరే ఆగుతాది. ఆయన పెండ్లాం రామలక్షుమ్మ డ్రమ్ములు నిండినాకే ఊరికి నీళ్లు. "లైను, లైను" అని అందరూ అరిచేవాళ్లే, లైనులో ఉండేవాళ్లు మాత్రం ఎవురూ లేరు! మన ఊళ్లల్లో మనిషి బదులు బిందె నిలబడతాది కదా, రామలక్షుమ్మ పనిమనిషి వచ్చి ఆ బిందెల్ని కాలితో ఎనక్కి తోస్తాదనుకో. సుంకులమ్మ వంతుకు పైపులో గాలే. మొక్కలు తలలు వాల్చినాయి.

ఇట్ట కాదని బడి అయ్యవారి కాడికి పోయి, సామీ, ఈ లైనంటే ఏంది, యాడ పుట్టింది ఈ ఇంగ్లీషు మాట అని అడిగిందంట. ఆయన నవ్వి, మొదట్లో అవిసెనారతో పేనిన దారానికి ఆ పేరు పాపా, ఆ దారాన్ని లాగిపట్టి గీత గీసిరి, గీతకూ అదే పేరాయ, గీత మాదిరి మనుషులు నిలబడితే దానికీ అదే పేరాయ అన్నాడు. "అంటే ముందు దారం, ఆపైన మనుషులు! మనం దారం లేకుండానే అరుస్తాండాం సామీ" అనింది సుంకులమ్మ.

మర్నాడు ఏం చేసిందనుకుంటారు? బిందెల మెడలన్నిటికీ ఒకటే తాడు కట్టేసింది. పనిమనిషి వచ్చి అలవాటుగా ఒకదాన్ని తన్నె, ఊరి బిందెలన్నీ గలగలమని ఒకదానెంట ఒకటి పడె. ఆ సద్దుకు ఆడోళ్లంతా ఉరికొచ్చి, "ఎవురే నా బిందె తన్నింది?" "నాదీ తన్నిరే!" అని ఒకటే కేకలు. రామలక్షుమ్మ అరుగు మీంచి, "ఏమే, నాలుగు పూలమొక్కలు నాటినావో లేదో, ఊరికి పెద్దరికం చేస్తాండావా?" అనింది. "పెద్దరికం నాకెందుకత్తా? నీ బిందెకూ మెడ ఉంది కదా, తే, చివరన కడతా" అనింది సుంకులమ్మ. జనం నవ్వలేక చచ్చిరి. ఆ పొద్దు తాడు వరసనే పట్టుకుంటే అందరికీ నీళ్లందినాయి, మొక్కలూ తడిసినాయి.

రామలక్షుమ్మ ఊరుకుంటాదా? "రేపట్నించి ట్యాంకరే రాదు పో" అనింది. అన్నట్టే రాలేదు. సుంకులమ్మ ఏడవలేదు, బతిమాలనూ లేదు. తెల్లారేసరికి మండలాఫీసుకు పోయి అర్జీ ఇయ్యను రోడ్డు మీదికొచ్చి బస్సుకు చెయ్యెత్తింది. తిరిగి చూస్తే ఆడోళ్లంతా ఖాళీ బిందెలు నెత్తిన పెట్టుకొని ఆమె ఎనకే, తాడు లేకుండానే లైనుగా నిలబడుండారంట. బస్సోడు ఆపుతాడా అంటారా? అంతమంది అడ్డం నిలబడితే ఆపకేం చేస్తాడప్పా!