నల్లాకు పొదలు

ఎడారి దేశంలో ఎత్తైన జబల్ అఖ్దర్ కొండ మీద ఒక హోటల్ తోట. జనవరి మధ్యాహ్నం. తోట సూపర్‌వైజరు ఆనందబాబు కిందటి నెలలో చనిపోయాడు. అతని భార్య మణికుమారి, తమ్ముడు నతానియేల్ మాట్లాడుకుంటున్నారు.

"పీకేస్తే పీడా పోద్ది వదినా. చచ్చిన మొక్కలకి కాపలా ఏంటి?"

"చచ్చాయని నీకెవరు చెప్పారు నతానియేలూ?"

"కళ్ళు లేవా? బొగ్గుల్లా ఉన్నాయి చూడు."

"బతికున్నప్పుడూ బొగ్గుల్లానే ఉండేవి. నల్లాకు పొదలంటేనే అది."

"అదే నేననేది! డబ్బు పోసి ఎవడన్నా నల్లమొక్కలు తెస్తాడా? హోటలన్నాక రోజాలుండాలి, కళకళ్ళాడాలి. దారికి రెండు పక్కలా మసి పూసినట్టు ఈ వరసలేంటి? వచ్చినోళ్ళు సమాధుల దొడ్డనుకుంటారు."

"వచ్చినోళ్ళు వీటి పక్కనే నిలబడి ఫోటోలు దిగేవాళ్ళు. ఎండ వెనక నుంచి పడితే ఆకు ద్రాక్షరసంలా ఉంటుందని మీ అన్నయ్య అనేవాడు."

"అన్నయ్య అలాంటివి చాలా అనేవాడులే. జేసీబీ బయల్దేరింది. సాయంత్రం నమాజు కాగానే పని మొదలెడతారు. వేళ్ళతో సహా పోయాయని మేనేజరుకి చెప్పేశాను."

"నువ్వే చెప్పావా?"

"ఇప్పుడు సూపర్‌వైజర్ని నేనే కదా."

"అవును. మీ అన్నయ్య టోపీ కూడా పెట్టుకున్నావు."

"చలేసింది వదినా."

"నీకు చలేస్తుందా! మొక్కలకి చలేంటి అని నవ్వావటగా, వచ్చిన కొత్తలో."

"కింద సముద్రం పక్కన అజైబాలో చేసినోణ్ణి. అక్కడ చలి మొదలైందంటే మొక్కలకి పండగ. అందరూ అప్పుడే నాటతారు. ఇక్కడ బకెట్లో నీళ్ళు గడ్డకడతాయని ఎవడికి తెలుసు?"

"ఆయన చెప్పలేదా?"

"చెప్పాడు, చెప్పాడు. రోజూ అదే పాట. ఇదే జాతి పచ్చాకుది కొండలో దానంతటదే పెరుగుద్దంట, చలిని లెక్కచెయ్యదంట. ఈ నల్లాకుదీ అంతేనంట, కాకపోతే ఇంకా లేతది కాబట్టి మొదటి రెండు చలికాలాలూ పొద్దుగూకగానే గోనెపట్టా కప్పాలంట, తెల్లారాక తియ్యాలంట. చంటిపిల్లలకి దుప్పటి కప్పినట్టు! పనోళ్ళు నవ్వుకునేవాళ్ళు."

"నువ్వూ నవ్వావా?"

"నవ్వాను. అయితే ఏంటి?"

"ఏం లేదు. కప్పి నవ్వావా, కప్పకుండా నవ్వావా అని."

"నీకు హాస్పిటల్లో డ్యూటీ ఉందేమో వదినా. కిందికెళ్ళే బండి వెళ్ళిపోద్ది."

"సెలవు పెట్టాను. ఇలా రా. ఈ కొమ్మని గోటితో గీరు."

"ఎందుకు?"

"గీరు, చెబుతాను."

"ఇదిగో. ఎండు పుల్ల. చెప్పలేదా?"

"ఇంకా కిందకి. మట్టి దగ్గర."

"గీరాను."

"ఏ రంగు?"

"ఏదో కాస్త పచ్చగా ఉంది. ఒక్కదానికుంటే అన్నిటికీ ఉన్నట్టా?"

"దాని పక్కది గీరు. దాని పక్కది కూడా."

"ఉంది. అన్నిటికీ ఉందిలే. అయితే మాత్రం? చిగురేసేదాకా వీటి ముందు కూర్చోవాలా? ఈ దరిద్రపు మొక్కల్ని చూస్తుంటేనే నాకు..."

"నీకు?"

"ఏం లేదు."

"ఆకే నలుపు కాబట్టి మాడిన సంగతి మేనేజరుకి చాలా రోజులు తెలియలేదు. మీ అన్నయ్య బట్టల కోసం వచ్చిన రోజే నాకు తెలిసింది. ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది."

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే ఏమంటావు? పట్టాలు గాలికి లేచిపోయాయంటావు."

"నిజంగానే లేచిపోయాయి."

"షెడ్డులో ఉన్నాయి. మీ అన్నయ్య వేసిన ముడి వేసినట్టే ఉంది."

"అన్న ఆసుపత్రిలో పడుంటే నాకు గోనెపట్టాలు గుర్తుంటాయా వదినా?"

"గుర్తు చెయ్యడానికి ఆయనే ఫోన్ చేశాడుగా."

"చేస్తే?"

"ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి మాట్లాడాడు. చేతిలో బలం లేదు, ఫోను నేనే ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను. కప్పావా అన్నాడు. కప్పేశానన్నా, నువ్వు పడుకో అన్నావు."

"చాలు వదినా. అబద్ధమే. ఆ చలికి రూమ్‌లోంచి బయటికి రాబుద్ధి కాలేదు. ఆ తర్వాత వీటి వంక చూడలేకపోయాను. అందుకే పీకించేస్తున్నా, చాలా? తిట్టు. తిట్టడానికేగా కొండెక్కి వచ్చావు."

"అంతకు ముందు రెండు రాత్రులు కన్ను మూయలేదు ఆయన. నేనిచ్చిన మందు ఒక్కటీ పని చెయ్యలేదు. నీ మాట విని నా చెయ్యి వదిలి, పక్కకి తిరిగి పడుకున్నాడు. ఆ నిద్రలోనే వెళ్ళిపోయాడు. నువ్వు నిజం చెప్పుంటే నిద్ర కూడా లేకుండా పోయేవాడు నతానియేలూ. ఆ మాట చెప్పిపోదామనే వచ్చాను, తిట్టడానికి కాదు. జేసీబీని వెనక్కి పంపి, పట్టాలు తీసుకురా. ఈ రాత్రి కూడా నీళ్ళు గడ్డకడతాయంట. ఈసారి నిజంగా కప్పుదాం."