మిక్సీ ముందు క్షమాపణ

లోకమంతటినీ రంగస్థలం చేసుకుని, ఆడేదీ తానై, చూసేదీ తానై, ఎవరి ఎంపికకూ వేచి ఉండనక్కరలేని నటరాజమూర్తికి నమస్కరించి, గది బయట చీటీ పట్టుకుని వేచి ఉండవలసినవారి ముచ్చట చెబుతున్నాను.

టీవీ ప్రకటనకు నటులను ఎంచే గది. నీలం తెర, నేలమీద నిలబడవలసిన చోట అతికించిన పట్టీ, కెమెరా వెనక ఒక అమ్మాయి, తెర ముందు ఒక వృద్ధ నటుడు.

“పేరొద్దు సార్, నంబరు చెప్పండి. ఎడమకి తిరగండి. ఇప్పుడు కుడికి. చేతులు చూపించండి.”

“చేతులెందుకమ్మా?”

“మిక్సీ పట్టుకునేది వాటితోనేగా. మీది పద్నాలుగు. పదిహేను ఎవరండీ? రండి మేడమ్. మీరిద్దరూ భార్యాభర్తలు.”

“ఎవరు చెప్పారు?”

“చీటీలు మేడమ్. పక్కపక్క నంబర్లని జత కలుపుతాం. కాస్త దగ్గరగా నిలబడండి.”

“ఈ దూరం చాల్లే అమ్మా.”

“నువ్వొస్తావని నాకు తెలీదు.”

“తెలిస్తే ఈసారి మీరే ఫోన్ చేసి, మా ఆవిడ నటన మానేసిందని చెప్పేవారుగా.”

“మెల్లిగా! ఆ పిల్ల వింటుంది.”

“వింటే విననీండి. మీరెలాగూ వినరు.”

“మేడమ్, మీకు డైలాగ్ లేదు. సార్ మిక్సీ ఇచ్చి, ‘ఇన్నేళ్లూ నీ కష్టం చూడలేదు, నన్ను క్షమించు’ అంటారు. మీరు నవ్వుతారు. యాక్షన్!”

“ఇన్నేళ్లూ నీ కష్టం చూడలేదు! నన్ను క్షమించు!”

“కట్. మైకుంది సార్. చివరి వరసదాకా వినబడక్కర్లేదు.”

“ముప్పై ఏళ్లు నాటకాల్లో రాజు వేషాలేశానమ్మా. గొంతు దిగదు.”

“గొంతొకటేనా! క్షమించు అన్నట్టుందా అది? తల తీయించు అన్నట్టుంది.”

“భలే అన్నారు మేడమ్! సార్, ఇంకోసారి.”

“ఇన్నేళ్లూ నీ కష్టం చూడలేదు. నన్ను... నన్ను...”

“కట్. ఆ మాట దగ్గరే ఆగిపోతారేంటి సార్?”

“కొత్త మాటమ్మా ఆయనకి. నోరు తిరగాలిగా.”

“నువ్వు నవ్వాలంతే. మాట్లాడకు.”

“చూశావా అమ్మాయ్? నా బదులు ఆయన మాట్లాడొచ్చు. నేను మాట్లాడకూడదు.”

“భలే జోకులేస్తున్నారు ఇద్దరూ. మూడోసారి. యాక్షన్!”

“ఇన్నేళ్లూ... ఆ రోజు ఫోన్ నీకొచ్చింది. నేనెత్తాను. నిన్నడక్కుండానే వద్దన్నాను. అప్పటికి ఏడాదిగా నాకు ఒక్క వేషం లేదు, నీకేమో ఇంటికే పిలుపొచ్చింది. ఓర్వలేకపోయాను. కుళ్లు, ఇంకేం లేదు. నువ్వు వెళ్లిపోయిన నాలుగు నెల్లూ ఆ ఫోను ముందే కూర్చున్నాను. క్షమించు.”

“కట్, కట్! ఇదెక్కడిది సార్? మిక్సీ ఊసే ఎత్తలేదు!”

“ఇంకోసారి చెప్పించమ్మా.”

“ఏం, బాగా రాలేదా మేడమ్?”

“బాగా వచ్చింది. అందుకే.”

“టైం లేదు మేడమ్. లోపలివాళ్లు కూడా చూశారు, ఉండండి, అడిగొస్తాను... మేడమ్, మీరు ఓకే! కళ్లలో నీళ్లతో నవ్వారు చూడండి, అదే కావాలట. సార్, ఏమనుకోకండి. మీలో భర్త కనబడటం లేదట.”

“ముప్పై ఏళ్లుగా నేనూ ఆయనలో వెతుకుతూనే ఉన్నానమ్మా.”

“వేరే భర్తని పెడతాం మేడమ్.”

“కాస్త మాట వినేవాణ్ణి చూడు.”

“ఆవిడకి వేషం వచ్చిందిగా. అది చాలమ్మా. నేను బయల్దేరతాను.”

“ఒక్క నిమిషం ఆగండి మీరు. అమ్మాయ్, నేను రాసిచ్చిన ఫోన్ నంబరు తీసెయ్. అది మా చెల్లెలింటిది. మా ఇంటి నంబరు చెబుతా, రాసుకో.”

“చెప్పండి... అయ్యో, ఈ నంబరుకి నేను ఇదివరకు చేశాను మేడమ్! ఎవరో పెద్దాయన ఎత్తి, ఆవిడ నటన మానేసిందని ఠక్కున పెట్టేశారు. మళ్లీ ఆయనే ఎత్తితే?”

“ఎత్తితే ఏమంటాడో ఇదిగో, ఈయన్నడుగు.”

“సార్‌నా? ఈయనకేం తెలుసు?”

“‘లైన్లో ఉండమ్మా, పిలుస్తాను’ అంటాను.”

ఈ ముచ్చట విన్నవారందరి ఇళ్ళలో ఎవరికి వచ్చిన పిలుపు వారికే చేరుగాక. క్షమాపణ చెప్పవలసినవారికి మూడో ప్రయత్నానికైనా నోరు తిరుగుగాక.